సోడానీటి యంత్రమునకు కావలి



తిరునాళ్లకు పోయినవారిలో గోలీసోడా నెరుగనివా రుండరు. బొటనవ్రేలితో గోలీని లోనికి నొక్కగానే సీసా కీచుమని కేకవేయును, నురుగు పొంగును. ఆ కేక సీసాలో బంధింపబడిన వాయువుది. లోపలి వాయువే గోలీని మూతిలోని రబ్బరుకట్టునకు అదిమిపట్టి, తన చెరకు తానే తలుపు మూసికొనును. ఈ యుపాయమును ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనునతడు కనిపెట్టి 1872లో హక్కుపత్రము పొందెను. వాయువును నీటిలో బంధించుట యెట్లు నేర్చిరో, బంధించినదానికి కావలి యెట్లు పెట్టిరో నేడు మనవి చేసెదను.

పూర్వము మన బడిపుస్తకములలో బొగ్గుపులుసు గాలి యనబడి, ఇప్పుడు కార్బన్ డయాక్సైడు అనబడు వాయువే యిది. 1750 తరువాతి సంవత్సరములలో స్కాట్లండు పండితుడు జోసఫ్ బ్లాక్ సున్నపురాయివంటి పదార్థములలో ఇది యిమిడియున్నదని చూపెను. 1767లో ఇంగ్లండునందలి లీడ్స్ పట్టణమున జోసఫ్ ప్రీస్ట్లీ యను మతాచార్యుడు ఒక బీరు కర్మాగారము ప్రక్కన కాపురముండెను. పులియుచున్న తొట్టిపైకి మండుచున్న పుల్లను తెచ్చిన నది యారిపోవుట ఆయన గమనించెను. ఆ తొట్టిపైననే రెండు పాత్రల నుంచుకొని, నీటిని ఒకదానినుండి మరియొకదానికి మార్చి మార్చి పోసెను. నీరు వాయువును త్రాగి చుఱుక్కుమను రుచిని పొందెను. ఈ పద్ధతిని 1772లో ఆయన ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను.

ఓడవారి చిగుళ్లను కుళ్లజేయు స్కర్వీ యను రోగము ఈ నీటితో మానునని ఆయన ఆశపడెను. ఆ యాశ ఫలింపలేదు. నారింజ, నిమ్మ పండ్లవలన గుణము కలుగునని జేమ్స్ లిండ్ అను వైద్యుడు 1747లోనే ఓడవారియందు పరీక్షించి చూచియుండెను. మందుగా నోడినది పానీయముగా గెలిచినది. జాకబ్ ష్వెప్ 1783లో జినీవాలో దీనిని వర్తకముగా నారంభించి, 1792లో లండనుకు వచ్చెను.

నీటిలో వాయు వెట్లు నిలుచును? 1803లో విలియం హెన్రీ దీని సూత్రమును తెలిపెను. ఒత్తిడి రెట్టించిన, కరగు వాయువును రెట్టించును. చల్లదనమును ఇందుకు తోడ్పడును. సాధారణమైన గాలి యొత్తిడిలో, మంచువలె చల్లనైన ఒక పాత్ర నీరు ఇంచుమించు ఒకటిన్నర పాత్రలకు పైగా ఈ వాయువును పట్టును. వేసవినాటి వెచ్చని నీరు ముప్పాతిక పాత్రయైనను పట్టలేదు. కావున మంచి సోడాకు చలియు కావలెను, ఒత్తిడియు కావలెను. ఒత్తిడి యనగా అపాయము. పాత్ర బలహీనమైనచో అది పగులును.

మా యూరి సోడా అంగడివాడు సీసాలను చట్రమున బిగించి త్రిప్పునపుడు పిల్లలను దగ్గరకు రానిచ్చెడివాడు కాడు. అతని చెక్కిలిపై గాజుపెంకు గీసిన మచ్చ యుండెడిది. ఆ మచ్చయే మాకు మొదటి పాఠము.

ఇంగ్లండునుండి న్యూయార్కునకు వలసపోయిన జాన్ మాథ్యూస్ 1830 ప్రాంతమున ఆ నగరమున సోడానీటి యంత్రములను చేయ నారంభించెను. సీసము పొదిగిన పాత్రలో చలువరాతి ముక్కలపై గంధకికామ్లము పోయగా వాయువు పుట్టును; దానిని కడిగి, చల్లని నీరున్న తొట్టిలోనికి పంపి, ఆ తొట్టి నూపుచుందురు. తొట్టిలో నెంత యొత్తిడి చేరినదో తెలిసికొను సాధన మేది? మాథ్యూస్ వద్ద బెన్ ఆస్టిన్ అను నల్లజాతి పనివాడుండెననియు, అతడు పూర్వము బానిసయై విముక్తి పొందినవాడనియు చెప్పుదురు. అతడు కుళాయి రంధ్రమును బొటనవ్రేలితో మూసి పట్టుకొనును. వాయువు ఆ వ్రేలిని విసరివేసినచో, చదరపు అంగుళమునకు నూటయేబది పౌనుల యొత్తిడి చేరెనని లెక్క. వర్తకులలో ఆ యొత్తిడికే 'బెన్ బొటనవ్రేలు' అను పేరు నిలిచినదట.

ఈ కథను నవ్వుచు చెప్పుకొనువారు కలరు. నాకు నవ్వు రాదు. న్యూయార్కు రాష్ట్రమున 1827 జూలై 4న బానిసత్వము తొలగినది. విముక్తుడైన మనుష్యుడు యంత్రమునకు ఒక యవయవముగా నిలిచెను. తొట్టి పగిలినచో ముందుగా పోవునది యజమానుని సొమ్ము కాదు, అతని చేయి.

1849లో ఫ్రాన్సునందు యూజీన్ బూర్డాన్ ఒత్తిడిని కొలుచు గడియారమును కనిపెట్టెను. లోపల వంచిన బోలు లోహపు గొట్ట ముండును. తిరునాళ్లలో పిల్లలు ఊదగానే చుట్టవిడి చాచుకొను కాగితపు బూరవలె, ఒత్తిడి హెచ్చినకొలది ఆ గొట్టము వంపు విడును. దానికి తగిలించిన ముల్లు అంకెలపై తిరుగును. మనుష్యుని వ్రేలు చేయుచుండిన పనిని ముల్లు చేయ నారంభించినది.

రెండవ యపాయము లోహమువలన వచ్చును. కళాయి లేని యిత్తడి పాత్రలో పులుసు కాచరాదని మన యిల్లాండ్రకు తెలియును. సోడానీరును కొంత పులుపుగలదే. అది రాగిని, సీసమును కరగించి విషము చేయును. అందుకే తొట్లకు తగరపు పూత పూసిరి. తరువాత తుప్పు పట్టని ఉక్కు వచ్చినది. సోడానీరు వెనుకకు మరలి రాగిగొట్టములోనికి పోకుండ నేటి యంత్రములకు ఒకవైపు మాత్రమే తెరచుకొను కవాటము లమర్చుదురు.

నేటి పెద్ద యంగళ్ల యంత్రములలో నీటిమట్టము తగ్గగానే మోటారు తానే నడచును. సాధారణముగా ఒక పాలు పాకమునకు ఐదు పాళ్లు సోడానీరు కలియును. చలి, ఒత్తిడి, పాళ్లు తప్పినచో దూరముననున్న పనివానికి తంతి లేకుండ వార్త పంపు యంత్రములును కలవు.

అయినను ఒక కావలి మిగిలియున్నది. ఈ వాయువు గాలికన్న ఒకటిన్నర రెట్లు బరువు. దీనికి రంగు లేదు. గొట్టము కారినచో నేలమాళిగలలో నిలిచి, దిగినవానిని చంపును. అందుకే అచట వాయువును పసిగట్టి మ్రోగు గంటలు పెట్టుదురు. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. ధాన్యపు పాతరలలోను, పాడుబావులలోను దిగి, పైకి రానివారి కథలు ప్రతి యూరను కలవు. దీపము దించి చూచుట మన పెద్దల యాచారము. ప్రీస్ట్లీ చూచిన ఆరిన పుల్లయు అదియే. దీపమారినచో దిగరాదు, ఆరకున్నను, దానినే నమ్మి దిగరాదు. ఒకడు లోపల పడినచో, వానిని తీయుటకు వెంటనే మరియొకడు దూకరాదు. ఇద్దరు ముగ్గురు వరుసగా పోవునది అట్లే.

యంత్రపు ముల్లైనను, బావిలోని దీపమైనను మనకు చెప్పగలదు గాని మన చేయి పట్టి యాపలేదు. చెప్పినప్పుడు వినుట మన పని. ఈ మాట మీ యిండ్లలోని పడుచువారికి తెలుపుడని ప్రార్థించుచున్నాను.