ఫారం పూరణ: ఆంగ్ల శ్రవణ పరీక్షల్లో తెలుగు అభ్యర్థులు

ఆంగ్ల శ్రవణ పరీక్షల్లో ఇద్దరి సంభాషణ వింటూ పేరు, చిరునామా, తేదీ, ఫోను నంబరు, ధర వంటి వివరాలను ఖాళీల్లో నింపాల్సిన ప్రశ్నలను ఫారం పూరణ అంటారు. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ మొదటి భాగంలో ఇది తరచుగా వస్తుంది. ఇల్లు అద్దెకు అడగడం, లైబ్రరీలో సభ్యత్వం తీసుకోవడం, పోయిన సామాను గురించి ఫిర్యాదు చేయడం లాంటి సందర్భాలే ఎక్కువ. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. సమాధానాలు ఫారంలో ఉన్న వరుసలోనే వస్తాయి. అమెరికా చదువుల కోసం తెలుగువారు ఎక్కువగా రాసే టోఫెల్‌లో ఈ తరహా ఫారాలు లేవు. అందువల్ల ఈ వ్యాసం ప్రధానంగా ఐఈఎల్‌టీఎస్‌కే పరిమితం.

ఐఈఎల్‌టీఎస్ ఎప్పుడు మొదలైందన్నదానికి రెండు లెక్కలున్నాయి. 1980 అనేవారు దాని పూర్వరూపమైన ఈఎల్‌టీఎస్‌ను కూడా కలుపుకొంటున్నారు. ఇప్పటి పేరుతో పరీక్ష వచ్చింది 1989లో కనుక ఆ ఏడాదినే ప్రారంభంగా తీసుకోవడం సబబు. 1995లో పరీక్షను సవరించారు, 1996లో కేంబ్రిడ్జి సాధన పుస్తకాల మొదటి సంపుటి వెలువడింది. 2020 ఆరంభంలో వచ్చిన మార్పు చిన్నదే అయినా అభ్యర్థులకు ముఖ్యం: ‘సెక్షన్లు’ ‘పార్టులు’ అయ్యాయి, మొదటి భాగం ముందు వినిపించే ఉదాహరణ ప్రశ్నను తీసేశారు. గొంతులకు, యాసకు చెవిని అలవాటు చేసుకునే వ్యవధి ఆ ఉదాహరణతోనే పోయింది. పాత సంపుటాలతో సాధన చేసేవారు దాన్ని దాటేసి నేరుగా మొదటి ప్రశ్నకు వెళ్లడం మంచిది. భారతదేశంలో ఈ పరీక్షను 2021 దాకా బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ రెండూ నిర్వహించేవి. ఆ ఏడాది బ్రిటిష్ కౌన్సిల్ తన ఇక్కడి ఐఈఎల్‌టీఎస్ కార్యకలాపాలను 13 కోట్ల పౌండ్లకు ఐడీపీకి అప్పగించింది.

మార్కుల లెక్క

లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు. నిర్వాహకులు ప్రచురించిన సగటు లెక్క ప్రకారం 23 వస్తే 6, 30 వస్తే 7, 35 వస్తే 8 బ్యాండ్ వస్తుంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా కెనడాలో స్థిరపడాలనుకునేవారు ఆ దేశ భాషా ప్రమాణమైన సీఎల్‌బీలో 9 స్థాయిని లక్ష్యంగా పెట్టుకుంటారు. ఆ స్థాయికి రీడింగ్, రైటింగ్, స్పీకింగ్‌లలో 7 చాలు, లిజనింగ్‌లో మాత్రం 8 కావాలి. అంటే మొత్తం మీద పోగొట్టుకోగలిగేవి ఐదు మార్కులే. నాలుగో భాగంలో వచ్చే ఉపన్యాసంలో రెండు మూడు పోవడం మామూలే కాబట్టి, మొదటి భాగంలోని పదీ దాదాపు పూర్తిగా చేతికి రావాలి. కోచింగ్‌లలో ఈ భాగాన్ని ‘ఈజీ’ అని త్వరగా ముగించే అలవాటుంది. ఈ లెక్క చూస్తే ఎక్కువ సాధన దక్కాల్సింది దీనికేనని తెలుస్తుంది.

పేరు, చిరునామా

హైదరాబాదు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో పెరిగిన అభ్యర్థికి చిరునామా అంటే రోడ్ నంబరు, ప్లాటు నంబరు, 8-2-293/82 తరహాలో గీతలతో సాగే డోరు నంబరు, చివర 500033 లేదా 500096. పరీక్షలో వినిపించే చిరునామా తీరే వేరు. ఇంటి నంబరు చిన్నది, వీధికి మనిషి పేరో చెట్టు పేరో ఉంటుంది, ‘రోడ్’ బదులు అవెన్యూ, లేన్, క్లోజ్, క్రెసెంట్ రావచ్చు. బ్రిటన్ పోస్టుకోడులో అక్షరాలు, అంకెలు కలిసే ఉంటాయి. మన పిన్‌కోడులా ఆరు అంకెలకు సిద్ధమైన చెవి అక్కడ తడబడుతుంది. ‘ఫైవ్ డబుల్ జీరో’ అని మనం చెప్పేచోట వాళ్లు సున్నాను తరచు ‘ఓ’ అంటారు. అంకెల మధ్య వినిపించే ‘ఓ’ సున్నాయే. అక్షరాల మధ్య వినిపిస్తే మాత్రం అక్షరమో అంకో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

పేరు దగ్గర చిక్కు మరింత లోతైనది. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది: అక్కినేని నాగేశ్వరరావు, దగ్గుబాటి రామానాయుడు. ఎన్టీఆర్‌లోని మొదటి అక్షరం నందమూరిది. పరీక్షలో మాట్లాడేవారు ముందు సొంత పేరు, తర్వాత ఇంటిపేరు చెబుతారు. సాధారణంగా స్పెల్లింగు చెప్పేదీ ఆ రెండోదానికే. ఫారంలో ‘సర్‌నేమ్’ అన్నచోట మొదట వినబడ్డ పేరు రాసేసి తర్వాతి స్పెల్లింగును వదులుకున్నవారు మార్కు కోల్పోతారు. పేరు ఖాళీ ఎదురైతే ముందు అది ఏ భాగమో చూసుకోవాలి. పెన్ను కదపాల్సింది ఆ తర్వాతే.

అక్షరాలు, అంకెలు

స్పెల్లింగు చెప్పేటప్పుడు ఏ, ఈ, ఐ అక్షరాలు తెలుగువారిని ఎక్కువగా దెబ్బతీస్తాయి. ఆస్ట్రేలియా యాసలో ‘ఏ’ మనకు ‘ఐ’కి దగ్గరగా వినిపిస్తుంది. బ్రిటిష్ నోట ‘ఆర్’ చివరి రకారం లేకుండా ‘ఆ’ అని మిగులుతుంది. జీ, జే తారుమారవుతాయి. బీ, డీ, పీ, వీ ఒకే ఒరవడిలో వస్తాయి. అమెరికన్లు ‘జెడ్’ను ‘జీ’ అంటారు, అది మనకు మరో అక్షరం. కనుక స్పెల్లింగు సాధనను ఒకే యాసకు కట్టిపెట్టకూడదు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా గొంతులన్నీ ఈ పరీక్షలో రావచ్చు. ‘డబుల్ ఎల్’ అన్నప్పుడు డబుల్ అనే మాట దగ్గరే ఆగిపోకుండా రెండు అక్షరాలూ వెంటనే వేయడం అలవాటు కావాలి.

థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. ఊనిక రెండో భాగం మీద పడితే పదమూడు, మొదటి భాగం మీద పడితే ముప్ఫై అని బోధిస్తారు. ఇది సగం నిజమే. వెనక నామవాచకం వస్తే పదమూడులోనూ ఊనిక ముందుకు జరుగుతుంది. అప్పుడు ఆసరాగా మిగిలేవి దీర్ఘమైన ‘ఈ’, చివరి నకారం. ఊనిక విషయంలో మనకూ బయటివారికీ ఉన్న ఎడం హైదరాబాదులో చాలాకాలం కిందటే పరిశీలనకు వచ్చింది. 1958లో ఇక్కడ నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ (ఇప్పటి ఇఫ్లూ)కు చెందిన ఆర్.కె. బన్సల్ భారతీయుల ఆంగ్లం ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశోధించి 1969లో గ్రంథం ప్రచురించారు. ఆయన పరీక్షించింది మన మాట వాళ్ల చెవికి ఎలా చేరుతుందన్నది. ఫారం పూరణలో దారి తిరగబడుతుంది, చిక్కు మాత్రం అదే.

పదాల చివర

తెలుగు అజంత భాష. బస్సు, కార్డు, రోడ్డు, టికెట్టు: ఆంగ్లం నుంచి వచ్చిన మాటకు కూడా చివర అచ్చు చేర్చి మనదిగా చేసుకుంటాం. హల్లుతో ఆగే మాటలో ఆ చివరి ధ్వని మీద మన చెవి నిలవకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఫలితం బహువచనపు ‘ఎస్’ దగ్గర కనబడుతుంది. సమాధానం ‘టికెట్స్’ అయినచోట ‘టికెట్’ అని రాస్తే మార్కు రాదు. ఇక్కడ చెవి కంటే ముందే కన్ను సాయం చేస్తుంది. ఖాళీకి ముందు సంఖ్యో ‘సమ్’ లాంటి మాటో ఉంటే బహువచనం, ‘ఏ’ ఉంటే ఏకవచనం. వినడానికి ముందిచ్చే ఆ కొద్ది సెకన్లలో ప్రతి ఖాళీ పక్కనా పేరు, అంకె, తేదీ, వస్తువు అని మనసులో గుర్తు పెట్టుకోవడం అన్ని పద్ధతుల్లోకీ గట్టిది.

మాట మార్చడం

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్‌లో కళాకారుడు పెదవి కదలిక కుదిరేదాకా ఒకే ముక్కను మళ్లీ మళ్లీ వింటాడు. ఈ పరీక్షలో ఆ వెసులుబాటు లేదు. పైగా మాట్లాడేవారు కావాలనే ఒక అంకె చెప్పి వెంటనే దిద్దుకుంటారు: మంగళవారం అనుకుంటారు, ఆ రోజు కుదరదని బుధవారం అంటారు. ‘సారీ’, ‘యాక్చువల్లీ’, ‘నో, వెయిట్’ వినబడితే రాసింది కొట్టేయడానికి సిద్ధపడాలి. ధరల్లో ఇది ఇంకొంచెం చాటుగా జరుగుతుంది. ఫారం వారానికి అద్దె అడుగుతుంది, సంభాషణలో నెల అద్దె ముందు వస్తుంది.

వింటూనే రాయాలా, గుర్తుంచుకుని విరామంలో రాయాలా అన్నదానిపై శిక్షకుల్లో ఏకాభిప్రాయం లేదు. అంకెలు, స్పెల్లింగులు వింటూనే రాయక తప్పదు. మామూలు మాటలకు మొదటి రెండు మూడు అక్షరాలు గీసి ముందుకు సాగే పద్ధతికే మొగ్గు చూపవచ్చు. ఎందుకంటే జారిపోయిన ఒక ఖాళీ గురించి ఆలోచిస్తూ తర్వాతి రెండింటినీ పోగొట్టుకోవడమే పెద్ద నష్టం.

సూచనల్లో ‘ఒక పదం మరియు/లేదా ఒక సంఖ్య’ అని ఉంటే రెండు పదాలు రాసిన సమాధానం, అర్థం సరైనదే అయినా, చెల్లదు. ‘ఏ’, ‘ద’ కూడా పదాలే. హైఫన్‌తో కలిసిన మాట ఒక్కటిగా లెక్క. పౌండు గుర్తు ముందే అచ్చయి ఉంటే అంకె చాలు. బ్రిటిష్, అమెరికన్ వర్ణక్రమాలు రెండూ చెల్లుతాయి. అన్నీ పెద్ద అక్షరాల్లో రాసినా అభ్యంతరం లేదు. కామన్ నౌన్‌కు పెద్ద అక్షరం వేశామా, ఊరి పేరుకు చిన్నది వేశామా అన్న బెంగ తీరుతుంది కనుక చాలామందికి అదే నయం.

కాగితం మీద పరీక్ష ఉన్నచోట చివర సమాధానాలు ఎక్కించుకోవడానికి 10 నిమిషాలు ఇస్తారు, కంప్యూటర్ మీదైతే సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. కంప్యూటర్ పరీక్షకు కాగితంపై సాధన చేస్తే స్పెల్లింగు వింటూ టైపు చేసే వేగం రాదు. ఇప్పుడు ఎక్కువమంది ఎదుర్కొనే ఇబ్బంది ఇదే.

నర్సులు రాసే ఓఈటీ పరీక్షలో దీనికి దగ్గరి బంధువు ఉంది. లిజనింగ్ ‘పార్ట్ ఏ’లో రోగితో జరిగే రెండు సంభాషణలు విని మొత్తం 24 ఖాళీలు నింపాలి. అక్కడ పేర్లు, చిరునామాల స్థానంలో లక్షణాలు, మందులు, పాత జబ్బుల వివరాలు వస్తాయి. ఖాళీ రకాన్ని ముందే గుర్తించే పద్ధతి అక్కడా పనికొస్తుంది. ఇంటిపేరు చిక్కు మాత్రం అక్కడ ఉండదు.