సైనిక రికార్డుల్లో మన పేర్లు

ఈ ఏడాది సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగారు. యుద్ధాల గురించీ, పతకాల గురించీ రాయగలిగినవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను పేర్ల గురించి రాస్తాను. రికార్డులో పేరు తప్పు పడితే ఏమవుతుందో మనలో కొందరికి స్వానుభవమే. అది ఎందుకు తప్పు పడుతుంది, ఎప్పటినుంచి పడుతోంది, ఎలా దిద్దించుకోవాలి అన్నవి తెలిసిన మేరకు చెబుతాను.

ముందు మనందరికీ కలిపి పడిన పేరు సంగతి. 1757లో ప్లాసీ యుద్ధానికి క్లైవు మద్రాసు వైపు నుంచి తీసుకెళ్ళిన సిపాయిలను బెంగాలులో జనం తిలంగాలు అన్నారు. తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్ళు అని దాని అర్థం. తర్వాత కంపెనీవాళ్ళు అవధ్, బీహారు ప్రాంతాల మనుషుల్నే భర్తీ చేసుకున్నారు. వాళ్ళకి తెలుగు ముక్క రాదు, గోదావరి ఎటుందో తెలియదు. అయినా ఎర్రకోటు వేసుకున్న ప్రతివాడికీ తిలంగా అన్న పేరే స్థిరపడిపోయింది. 1857లో ఢిల్లీలో తిరగబడిన సిపాయిలను కూడా ఆనాటి ఉర్దూ రాతల్లో తిలంగాలనే రాశారు. అంటే మన జాతి పేరు ఉత్తరాదిలో సిపాయి అన్న మాటకే మారుపేరైంది.

మరి ఆ జాతిలో పుట్టిన అసలు మనుషుల పేర్లు? 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారితో జరిగిన యుద్ధంలో ఇంగ్లీషు వైపు సేనాని కల్నల్ ఫోర్డు. ఫ్రెంచి వైపు కాన్‌ఫ్లాన్స్. ఫోర్డుకి తోడు వచ్చింది విజయనగరం ఆనంద గజపతి రాజు. ఈ ముగ్గురి పేర్లూ ప్రతి పుస్తకంలో దొరుకుతాయి. ఆ రోజు అక్కడ తుపాకి పట్టిన సిపాయి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

కంపెనీ పద్ధతి ప్రకారం ప్రతి సిపాయికీ ఒక వివరాల పట్టీ ఉండేది. పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు అందులో రాసేవారు. చెప్పేవాడు తెలుగువాడు, రాసేవాడికి తెలుగు రాకపోవచ్చు, రాసే లిపి ఇంగ్లీషు. చెవికి ఎలా వినబడితే అలా పడేది. ఊళ్ళ పేర్లే ఎలా మారాయో మనకి తెలుసు. శ్రీకాకుళం చికకోల్ అయింది, ఏలూరు ఎల్లోర్ అయింది, మచిలీపట్నం మసూలిపటం అయింది. ఊళ్ళనే వదలనివాళ్ళు మనుషుల్ని వదులుతారా!

1881 నుంచి 1885 వరకూ మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొరకి దక్షిణాది సిపాయి మీద గురి లేదు. యోధ జాతులనే సిద్ధాంతం ఆ కాలంలోనే బలపడింది. తెలుగువాళ్ళ భర్తీ బాగా తగ్గిపోయింది. 1780లో పుట్టిన మద్రాసు సాపర్ల వంటి కొన్ని దళాల్లో మాత్రం దక్షిణాదివాళ్ళ చోటు నిలిచింది. ప్రపంచ యుద్ధాలు వచ్చేసరికి మళ్ళీ అందరూ కావలసి వచ్చారు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని జనం ఈనాటికీ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరు బిడ్డల్ని పంపింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు సాపర్ల కంపెనీలు మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, పనిచేశాయి. ఆ రంగంలో చనిపోయి సమాధి లేకుండా పోయినవారి కోసం 1929లో బస్రాలో ఒక స్మారకం కట్టారు. దాని మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల పేర్లు చెక్కలేదు. వాళ్ళని దళాల వారీగా లెక్కగా చూపించి సరిపెట్టారు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021 ఏప్రిల్‌లో ఒక నివేదిక ఇచ్చింది. ఆఫ్రికా, ఆసియా, మధ్యప్రాచ్యాలకు చెందిన మొదటి యుద్ధ మృతుల్లో కనీసం 1,16,000 మందికి పేరుపేరునా స్మరణ జరగలేదనీ, అసలు స్మరణే లేనివారు కూడా ఇందులో ఉన్నారనీ, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చనీ అందులో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పేరు ఎక్కకపోవటం అన్నది చిన్న విషయం కాదని చెప్పటానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక స్వతంత్ర భారత సైన్యం సంగతి. ఇక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు. చిక్కు అంతా లిపిలోనూ, అలవాటులోనూ ఉంది. మన సైన్యంలో చాలాకాలం రోమన్ లిపిలో రాసిన హిందుస్తానీ నడిచింది. రికార్డులు ఇంగ్లీషులో. మనం "త" రాయటానికి టి పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాదిలో అలా రాస్తే "థ" అని చదువుతారు. అందుకే మన సీత అక్కడ సీథా అవుతుంది. అక్కడి గుమాస్తా తన పద్ధతిలో హెచ్ తీసేసి రాస్తే, మన బ్యాంకులో కుర్రాడు దాన్ని సిటా అని చదువుతాడు. మనం యర్రయ్య, యల్లయ్య అని వై పెట్టి రాస్తే వాళ్ళు ఇ పెడతారు. మన నరసింహం వాళ్ళ నోట్లో నర్సింహ్. రాములు చివర "ఉ" వాళ్ళకి వినబడదు, రాముల్ అయిపోతాడు. ఆడవాళ్ళ పేర్లలో "అమ్మ" తీసేసి "దేవి" పెట్టటం నేను ఎన్నో కాగితాల్లో చూశాను.

దీనికి తోడు ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. ఫారంలో ముందు పేరు, చివర సర్‌నేమ్ అని గడులుంటాయి. దాంతో "రావు" అన్నది ఇంటిపేరైపోతుంది. ఒక్క ప్లాటూనులో నలుగురు రావులుండేవారు. మమ్మల్ని విడివిడిగా గుర్తించటానికి ఉస్తాదులు నంబరులోని చివరి అంకెలు పిలిచేవారు. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ఆ నంబరు, దాని చివర ఉండే సరిచూపు అక్షరం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. పేరు పోయినా మనిషిని నిలబెట్టింది నంబరే.

నేను 1974లో భర్తీ అయ్యాను. మా తాతగారి పేరే నాకు పెట్టారు, వెంకటేశ్వర్లు. భర్తీ ఆఫీసులో గుమాస్తా ఒకసారి అడిగాడు, చెప్పాను. రెండోసారి అడిగాడు, చెప్పాను. మూడోసారి అడగకుండా వెంకట్ రావు అని రాసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, బయట చాంతాడంత వరస, హిందీ రాదు. ఎవరితో వాదిస్తాడు? 24 ఏళ్ళు వెంకట్ రావుగా పనిచేశాను. 1998లో పెన్షన్ మీద వచ్చాను. ఊళ్ళో వెంకటేశ్వర్లు, బ్యాంకులో వెంకట్ రావు. మేనేజరు గారికి నేనెవరో తెలుసు కాబట్టి రోజులు గడిచిపోయాయి.

2003లో మాజీ సైనికుల వైద్య పథకం వచ్చింది, తర్వాత ఆధార్ వచ్చింది, 2014 నవంబరులో డిజిటల్ జీవన ప్రమాణ పత్రం వచ్చింది. మనిషిని చూసి గుర్తుపట్టే కాలం పోయి కాగితానికి కాగితం సరిపోవాల్సిన కాలం వచ్చింది. అయినా నేను కదిలింది నా గురించి కాదు. 2016లో మా కంపెనీలో నాతో పనిచేసిన మిత్రుడు కాలం చేశాడు. ఆయన భార్యని సీతమ్మ గారనుకుందాం. రికార్డులో సీతా దేవి. ఆధార్‌లో సీతమ్మ. ఇద్దరూ ఒకరేనని తేల్చటానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ ఫ్యామిలీ పెన్షన్ రాలేదు. "అన్నయ్యా, నలభై ఏళ్ళు కాపురం చేశాను, నేను ఆయన భార్యనని ఇప్పుడు ఎవరికి రుజువు చూపాలి?" అని అడిగిందావిడ. ఆ రాత్రి మా ఆవిడ నా డిశ్చార్జి బుక్కు తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, "మనది కూడా చూడండి" అంది.

2017లో అర్జీ పెట్టుకున్నాను. మొదటిసారి తిరిగొచ్చింది. ఇది స్పెల్లింగ్ తేడా కాదు, పేరు మార్పు, కాబట్టి పేరు మార్చుకున్నట్టు గెజిట్‌లో ప్రకటించి రమ్మన్నారు. ఏ ఆఫీసని రాయను, అది ముఖ్యం కాదు. గెజిట్‌లో వేయించటం కష్టమేమీ కాదు. కానీ నేను పేరు మార్చుకోలేదు. పుట్టిన నాటినుంచీ ఒకటే పేరు. మార్చుకున్నానని సంతకం పెడితే, ఆ 24 ఏళ్ళు పనిచేసింది వెంకట్ రావనే ఇంకో మనిషని నేనే ఒప్పుకున్నట్టు. దిద్దటం వేరు, మార్చటం వేరు.

అందుకని 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి నా భర్తీ ఫారం నకలు అడిగాను. వచ్చింది. పైన ఇంగ్లీషులో గుమాస్తా చేతిరాతతో వెంకట్ రావు. కింద సంతకం గడిలో తెలుగులో, పద్దెనిమిదేళ్ళ నా చేతిరాతతో, ఇంటిపేరుతో సహా వెంకటేశ్వర్లు! తహసీల్దారూ పోలీసులూ సంతకం చేసిన విచారణ పత్రంలో కూడా సరైన పేరే ఉంది. అంటే సరైన పేరు 43 ఏళ్ళుగా వాళ్ళ దస్త్రంలోనే ఉంది. చదవగలిగినవాళ్ళు చూడలేదంతే. పదో తరగతి సర్టిఫికెట్టు, మేజిస్ట్రేటు ముందు చేసిన అఫిడవిట్టు జతచేసి మళ్ళీ రాశాను. "దయచేసి తెలుగు తెలిసిన సిబ్బందితో నా సంతకం చదివించండి" అని ఒక్క వాక్యం అదనంగా పెట్టాను.

చదివించారు. పార్ట్ టూ ఆర్డరు వెలువడింది, తర్వాత సవరణ పెన్షన్ ఆర్డరు వచ్చింది. మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది. మా ఆవిడ పేరు కూడా అందులోనే సరిచేయించాను. ఆ సంతకం చదివిన తెలుగు కుర్రాడెవరో నాకు తెలియదు. వాడికి నా ఆశీస్సులు.

ఇప్పుడు సభ్యులకు నా మనవి. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, ఆధార్, పాన్ నాలుగూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీ పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఒక్కొక్కటే సరిపోల్చండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా మీ రికార్డు ఆఫీసుకి అర్జీ పెట్టండి. సాధారణంగా అఫిడవిట్టు అడుగుతారు, కొన్ని సందర్భాల్లో ఒక ఇంగ్లీషు పేపరులో, ఒక తెలుగు పేపరులో ప్రకటన అడుగుతారు. దిద్దుబాటు ఆర్డరులో పడ్డాక పెన్షన్ ఆర్డరు సవరణ అవుతుంది. ఇప్పుడు పెన్షన్లు స్పర్శ్ విధానంలోకి వచ్చాయి కాబట్టి అక్కడ కూడా సరిచూసుకోవాలి. పెన్షన్ రాని మిత్రులు మరీ తొందరపడాలి. వాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళ తర్వాత తీసేసే నిబంధన ఉంది.

అన్నిటికంటే ముఖ్యం, ఈ పని మనం బతికుండగా చేసుకోవాలి. మన నంబరు మనకి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. మన తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగవలసిన ఆడవాళ్ళకి ఆ నంబరు నోటికి రాదు. బస్రాలో పేరు పడనివాళ్ళ కోసం ఇవాళ మనం ఏమీ చేయలేకపోవచ్చు. ఇంట్లో బీరువాలో ఉన్న కాగితాన్ని మాత్రం ఈ వారమే తీసి చూడగలం. చదవటానికో, అర్జీ రాయటానికో సాయం కావలసినవాళ్ళు సంఘం ఆఫీసుకి రండి. ఆదివారాలు పొద్దున నేను అక్కడే ఉంటాను.

జై హింద్.