నీలగిరి సింకోనా: ఒకే బెరడులో నాలుగు మందులు

ఆర్.ఎస్. పురమున మేడ యెక్కి చూచినచో, మబ్బు లేని ఉదయమున నీలగిరుల అంచు కానవచ్చును. ఆ కొండలు 1868 వరకు కోయంబత్తూరు జిల్లాలోనివే. మన పెద్దలు కొయినా అని పిలిచిన చేదుమందు చరిత్రలో ఒక ముఖ్యఘట్టము అక్కడనే జరిగినది.

1860లో మార్కుహాము దక్షిణ అమెరికానుండి తెచ్చిన సింకోనా మొక్కలు చాలవరకు చచ్చిపోయినవి. స్ప్రూసు ఈక్వెడారు అడవులలో సేకరించిన ఎర్రబెరడు జాతి మాత్రము బ్రతికినది. ఉదకమండలము తోటల అధికారి మెకైవరు దానిని దొడ్డబెట్టలోను, నడువట్టములోను పెంచెను. చెట్టును కొట్టివేయక, బెరడును పట్టెలుగా ఒలిచి గాయముపై నాచు కప్పుట ఆయన పద్ధతి. క్రొత్తగా పుట్టిన బెరడులో సారము హెచ్చుగా నుండెను.

ఆ సారము ఒక్క పదార్థము కాదు. 1820లో పారిసునందు పెల్తియే, కవాంతూ అనువారు వేరుచేసిన క్వినైనుతోపాటు, క్వినిడీను, సింకొనీను, సింకొనిడీను అను మూడు ఆల్కలాయిడులు అందు ముఖ్యములు. ఇవి చెట్టులో పుట్టు నత్రజని గల క్షారములు. నీటిలో మిక్కిలి తక్కువగా కరగును, ఆమ్లముతో కూడి లవణము లగును. క్వినైను, క్వినిడీనుల అణువులో కార్బను 20, హైడ్రోజను 24, నత్రజని 2, ఆమ్లజని 2 చొప్పున పరమాణువులు కలవు. లెక్క ఒకటే, అమరిక వేరు; అందుచే ఒకటి ధ్రువిత కాంతిని ఎడమకు, మరొకటి కుడికి త్రిప్పును. సజల గంధకామ్లములో కరగించి ఎండలో పెట్టినచో రెండును నీలకాంతి నీనును. తక్కిన రెంటికి ఆ వెలుగు లేదు.

ఎర్రబెరడులో మొత్తము ఆల్కలాయిడులు సమృద్ధిగా నున్నను క్వినైను పాలు తక్కువ. మరి తక్కిన మూడును పారవేయవలసినవేనా? బీదల జ్వరమునకు ఈ ప్రశ్నయే ప్రాణము. 1866 నుండి 1868 వరకు ఈ దేశమున సుమారు 3600 మంది రోగులకు నాలుగింటిని వేరువేరుగా ఇచ్చి చూచిరి. నాలుగును దాదాపు సమానముగా జ్వరమును మాన్పినవి. 1866లోనే బ్రౌటను అను రసాయనజ్ఞుడు నీలగిరులకు నియమితుడయ్యెను. 1870 దశకమున బెంగాలులోని మంగ్‌పూలో నాలుగింటిని కలిపిన చౌకమందు తయారైనది.

అయినను అంగడి క్వినైను పేరునే కోరెను. బొలీవియాలో మామానీ అను స్థానికుడు ఏరిన విత్తులను లెడ్జరు అమ్మజూపగా 1865లో డచ్చివారు కొనిరి. జావాలో పెరిగిన ఆ చెట్టు బెరడున నూటికి 10 పాళ్లకు మించి క్వినైను దొరకెను. నీలగిరి బెరడు వెనుకబడెను. (దొరల పేర్లు గ్రంథములనిండ నున్నవి, విత్తు లేరినందుకు చెరసాలలో దెబ్బలు తిని మరణించిన మామానీని తలచువారు అరుదు.) ఇచ్చట ఓడినది మందు కాదు, దాని పేరు మాత్రమే అనుట తప్పు కానేరదు.

మన మన్యసీమలను పీడించిన ఈ జ్వరము దోమవలన వ్యాపించునని తెలిపిన ఆధారము తెలుగునాటనే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రాసుకు దొరకినది. 1942లో జావా జపానువారి వశము కాగా లోకమంతట క్వినైనుకు కరవు వచ్చెను; విడిచిపెట్టిన బెరడుల విలువ అప్పుడు మరల గుర్తుకు వచ్చినది.

కోయంబత్తూరు జిల్లా వాల్పారై కొండలలో సింకోనా అను ఊరు నేటికిని కలదు. దాని చుట్టును పెరుగునది తేయాకు.