మాట వెనుక కథ: వైరస్
లాటిన్‌లో విషమనీ జిగురు ద్రవమనీ అర్థమిచ్చిన ‘వైరస్’, సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ‘విషం’ ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందిన జ్ఞాతిపదాలు కనుక, ఇంగ్లీషు ద్వారా చేరిన ఈ మాట తెలుగుకు పూర్తిగా పరాయిది కాదు. 1898లో శాస్త్రవేత్త బెయెరింక్ పొగాకు తెగులు కారకానికి వాడిన ఈ పేరును, 1980లలో కంప్యూటరు శాస్త్రవేత్త లెనార్డ్ ఏడెల్‌మన్ సూచనపై ఫ్రెడ్ కోహెన్, ఇతర ప్రోగ్రాములలో చొరబడి తన నకళ్లను పెంచుకొనే ప్రోగ్రాముకు వాడాడు. కంప్యూటరు మందగించినా ‘వైరస్ పట్టింది’ అనే నేటి వాడుకలో ఆ నిర్దిష్టార్థం చెదిరిపోగా, ఆ అస్పష్టతే మోసగాళ్లకు అనువైంది. లేని వైరస్‌ను తెరపై చూపి భయపెట్టి సొమ్ము గుంజే నకిలీ యాంటీవైరస్, అనగా స్కేర్‌వేర్, సాధారణంగా వైరస్ కాదు. అది మేలుచేసేదిగా నమ్మించి, వాడుకరి చేతనే తనను స్థాపింపజేసుకొనే ట్రోజన్. అందుచేత బ్రౌజరులో హఠాత్తుగా వెలసే హెచ్చరికలోని నంబరుకు ఫోను చేయక, బ్రౌజరును మూసి, విండోస్‌లోనే ఉండే డిఫెండర్‌తో తనిఖీ చేయడం యుక్తం.