పెద్దవాళ్ళం కామన్న పిల్లలు: బాలసాహిత్యంలో ఒక ఇతివృత్తం

పెద్దవాళ్ళు కావడానికి పిల్లలు ఒప్పుకోకపోవడం, ఒప్పుకోక తప్పనప్పుడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకోవడం పాశ్చాత్య బాలసాహిత్యంలో పదేపదే కనిపించే ఇతివృత్తం. 19వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండులో ఇది స్పష్టమైన రూపం తీసుకుంది. 20వ శతాబ్దంలో ఫ్రెంచి, స్వీడిష్, అమెరికన్ రచయితలు దాన్ని తమ తమ దారుల్లో నడిపించారు. దీనికి మారుపేరుగా నిలిచినవాడు స్కాట్లండ్ రచయిత జె. ఎం. బారీ (1860–1937) సృష్టించిన పీటర్ పాన్. ఈ కథల్లో ఎదుగుదలకు కొలబద్ద చాలావరకు జ్ఞాపకమే. ఎవరికి ఏది గుర్తుంది, ఎవరు దేన్ని మరచిపోయారు అన్నదాన్ని బట్టే పిల్లలెవరో పెద్దలెవరో తేలుతుంది.

నేపథ్యం

పిల్లల పుస్తకమంటే నీతులో మతబోధో అయి ఉండాలన్న పట్టింపు ఐరోపాలో చాలాకాలం సాగింది. బాల్యానికి తనదైన చూపు, తనదైన ఆలోచన ఉంటాయని ఫ్రెంచి తత్వవేత్త రూసో 1762లో వెలువడిన 'ఎమిల్'లో వాదించాడు. పుట్టుకతో వెంటవచ్చిన వెలుగు వయసుతోపాటు మసకబారుతుందన్న భావాన్ని ఆంగ్లకవి వర్డ్స్‌వర్త్ 1807లో అచ్చయిన తన ప్రసిద్ధ గీతంలో చెప్పాడు. ఎదగడమంటే ఏదో పోగొట్టుకోవడమన్న ఊహకు వీరిద్దరూ బలం చేకూర్చారు.

విక్టోరియా కాలపు కలిగిన కుటుంబాల్లో పిల్లలకు విడిగా ఒక గది, చూసుకోవడానికి ఆయా ఉండేవారు. ఆ గది దాటిన మగపిల్లవాడికి ముందు బడి, ఆపైన ఆఫీసు రాసిపెట్టి ఉండేవి. అదే కాలంలో పేదింటి పిల్లలు చిన్నతనంలోనే పనుల్లోకి వెళ్ళేవారు. ఇంగ్లండు, వేల్స్‌లలో 5 నుంచి 10 ఏళ్ళ పిల్లలకు చదువును తప్పనిసరి చేసిన చట్టం 1880లో గాని రాలేదు. పెద్దవాణ్ణి కానని మారాం చేయగలగడం ఆనాడు కొందరికే చెల్లింది.

తొలి రూపాలు

లూయిస్ కారల్ 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' (1865)లో ఆలిస్ ఒళ్ళు ఒకసారి పెరుగుతుంది, ఒకసారి కుంచించుకుపోతుంది. కథ చివర ఆమె అక్క, ఆలిస్ పెద్దదయ్యాక కూడా చిన్ననాటి మనసు నిలుపుకొని మరికొందరు పిల్లలకు ఈ కథలే చెబుతుందని ఊహిస్తుంది. రెండో భాగం (1871)లో ఆలిస్‌కు ఏడున్నరేళ్ళు. ఏడేళ్ళ దగ్గరే ఆగిపోవలసిందని హంప్టీ డంప్టీ ఆమెకు తాపీగా సలహా ఇస్తాడు.

ఇటలీలో కార్లో కొల్లోడి 'పినోకియో' (1883) ఇందుకు ఎదురుదారి పట్టింది. బడి ఎగ్గొట్టి ఆటల దేశానికి పోయిన పిల్లలకు గాడిద చెవులు మొలుస్తాయి, చివరికి వాళ్ళు గాడిదలే అవుతారు. కొయ్యబొమ్మ అయిన పినోకియో కష్టపడి పనిచేసి, తండ్రిని ఆదుకున్నాకే నిజమైన పిల్లవాడవుతాడు. ఇక్కడ ఎదగనంటే శిక్ష, ఎదిగితే బహుమతి.

పీటర్ పాన్

బారీ కిరిమ్యూర్ అనే ఊళ్ళో నేతపనివారి ఇంట పుట్టాడు. 1867లో అతని అన్న డేవిడ్ మంచు మీద స్కేటింగ్ చేస్తూ ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి డేవిడ్‌కు పద్నాలుగేళ్ళు నిండలేదు, బారీకి ఆరేళ్ళు. మంచం పట్టిన తల్లిని ఓదార్చడానికి తాను అన్న బట్టలు తొడుక్కొని, అన్నలాగే ఈల వేసేవాణ్ణని బారీ తల్లి గురించి రాసిన పుస్తకం (1896)లో చెప్పుకున్నాడు. చనిపోయిన పిల్లవాడు తల్లి మనసులో ఎప్పటికీ అదే వయసులో ఉండిపోయాడు.

లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో పరిచయమైన లూవెలిన్ డేవిస్ సోదరులకు బారీ చెప్పిన కథల్లోంచి పీటర్ రూపుకట్టాడు. 1902 నాటి నవల 'ది లిటిల్ వైట్ బర్డ్'లో అతను ఏడు రోజుల పసికందు. కిటికీలోంచి ఎగిరిపోయి, చాలాకాలానికి తిరిగివస్తాడు. అప్పటికి కిటికీకి ఇనుప ఊచలు బిగించి ఉంటాయి, తల్లి పక్కలో ఇంకో పిల్లవాడు ఉంటాడు. ఎదగనన్న మొండితనం వెనక మూసిన కిటికీ ఒకటి ఉందని బారీ మొదట్లోనే చూపించాడు.

పీటర్ పాన్ నాటకాన్ని 1904 డిసెంబర్ 27న లండన్‌లోని డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో తొలిసారి ప్రదర్శించారు. పీటర్ వేషం నీనా బూసికో కట్టింది. పీటర్ నెవర్‌లాండ్ అనే దీవికి ఎగరేసుకుపోయే వెండీ, ఆమె తమ్ముళ్ళ తండ్రి మిస్టర్ డార్లింగ్ పాత్రనూ, దొంగల నాయకుడు కెప్టెన్ హుక్ పాత్రనూ జెరాల్డ్ డ్యు మోరియే ఒక్కడే ధరించాడు. ఆఫీసుకు పోయే తండ్రీ, పిల్లల్ని వేటాడే శత్రువూ ఒకే ముఖంతో కనిపించే ఆ పద్ధతి తర్వాతి ప్రదర్శనల్లో ఆనవాయితీ అయింది. 1911లో బారీ ఇదే కథను 'పీటర్ అండ్ వెండీ' పేరుతో నవలగా రాశాడు.

కథలో కాలం మొసలి రూపంలో తిరుగుతుంది. పీటర్ నరికి వేసిన హుక్ చెయ్యి తిన్న ఆ మొసలి, ఒక గడియారాన్ని కూడా మింగింది. టిక్‌టిక్ చప్పుడు వినబడగానే హుక్ వణికిపోతాడు. పీటర్‌కు మాత్రం ఆ భయం లేదు, ఎందుకంటే నిన్న అనేది అతని దగ్గర నిలవదు. ఏడాది తర్వాత వెండీ కోసం వచ్చేసరికి హుక్ ఎవరో, తన కోసం ప్రాణాపాయం తెచ్చుకున్న యక్షిణి టింకర్ బెల్ ఎవరో అతనికి గుర్తుండదు. మధ్యలో ఒక ఏడు రావడం మానేసి, మానేసిన సంగతే తెలియకుండా మళ్ళీ వస్తాడు.

నవల చివరి ఘట్టంలో ఈ మతిమరుపుకు చెల్లించే మూల్యం ఎంతో కనిపిస్తుంది. చాలా ఏళ్ళ తర్వాత పీటర్ అదే కిటికీలోంచి దిగుతాడు. నోట్లో ఇంకా పాలపళ్ళే. వెండీ ఇప్పుడు ఇల్లాలు, కూతురు జేన్ మంచం మీద నిద్రపోతోంది. వెండీ నిప్పుగూటి పక్కన వీలైనంత చిన్నగా ముడుచుకొని కూర్చుంటుంది. దీపం వెలిగించవద్దని పీటర్ భయంతో అంటాడు. దీపం వెలిగి ఆమెను చూశాక, బాధతో కేకపెట్టి వెనక్కి తగ్గుతాడు. చివరికి అతనితో ఎగిరిపోయేది జేన్. నెవర్‌లాండ్‌లో పీటర్ వెంట ఉన్న పిల్లలు మాత్రం లండన్ చేరి మామూలుగానే పెద్దవాళ్ళవుతారు, వాళ్ళలో కొందరు బ్యాగు పట్టుకొని ఆఫీసులకు పోతారు.

తర్వాతి కథలు

ఎ. ఎ. మిల్న్ 'ది హౌస్ ఎట్ పూ కార్నర్' (1928) చివరి అధ్యాయంలో క్రిస్టఫర్ రాబిన్ అడవి విడిచి వెళ్ళబోతున్నాడు. ఏమీ చేయకుండా గడపడం ఇక తనకు కుదరదని పూ అనే ఎలుగుబొమ్మకు చెబుతాడు. తనకు నూరేళ్ళు వచ్చినా మరచిపోవద్దని మాట అడుగుతాడు. అప్పటికి తనకెన్నేళ్ళుంటాయని పూ అడిగితే, తొంభైతొమ్మిదని లెక్క చెబుతాడు. బడి అన్న మాట పైకి రాకపోయినా పాఠకుడికి అర్థమవుతుంది.

ఫ్రెంచి విమానచోదకుడు ఆంత్వాన్ ద సాంతెక్సుపెరీ 'లిటిల్ ప్రిన్స్'ను 1943లో న్యూయార్క్‌లో ప్రచురించాడు. ఏనుగును మింగిన కొండచిలువ బొమ్మ గీస్తే పెద్దవాళ్ళకు అది టోపీలా కనబడుతుంది. తాము ఒకప్పుడు పిల్లలమన్న సంగతి పెద్దలు మరచిపోవడమే ఇక్కడ అసలు రోగం.

స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ సృష్టి పిప్పీ తొమ్మిదేళ్ళ పిల్ల. గుర్రాన్ని కూడా ఎత్తేంత బలం ఉన్నది, కోతితో, గుర్రంతో కలిసి ఒంటరిగా ఒక ఇంట్లో ఉంటుంది. మూడో పుస్తకం (1948) చివర పిప్పీ, పక్కింటి పిల్లలిద్దరూ చీకట్లో తలొక మాత్ర మింగుతారు. అవి మామూలు బఠాణీల్లాగే ఉంటాయి, కానీ మింగితే ఎప్పటికీ పెద్దవాళ్ళం కామని పిప్పీ నమ్మకం. ఆ రాత్రి పిల్లలు తమ కిటికీలోంచి చూస్తే, పిప్పీ ఒక్కతే కొవ్వొత్తి వెలుగును చూస్తూ కూర్చొని ఉంటుంది. ఇటు తిరిగితే చెయ్యి ఊపుదామని వాళ్ళు ఎదురుచూస్తారు. ఆమె తిరగకుండానే కొవ్వొత్తి ఆర్పేస్తుంది.

అమెరికన్ రచయిత్రి నాటలీ బాబిట్ 'టక్ ఎవర్‌లాస్టింగ్' (1975)లో నీళ్ళు తాగితే వయసు ఆగిపోయే ఊట ఉంది. విన్నీ అనే అమ్మాయి తనకు దొరికిన ఆ నీటిని ఒక కప్ప మీద పోసేస్తుంది. పెరిగి, పెళ్ళాడి, పిల్లల్ని కని, చనిపోతుంది. ఈ ధోరణికి బాలసాహిత్యంలోంచే వచ్చిన సూటి జవాబు ఇది.

విమర్శ

ఈ కథలు పిల్లల కోరికను కాక, బాల్యాన్ని అలాగే పట్టి ఉంచాలన్న పెద్దల కోరికను బయటపెడతాయని జాక్విలిన్ రోజ్ 1984లో పీటర్ పాన్‌పై రాసిన పుస్తకంలో వాదించింది. మగపిల్లవాడు పిల్లవాడిగానే ఉండిపోవాలంటే ఎవరో ఒక ఆడపిల్ల తల్లి పాత్ర పోషించక తప్పడం లేదన్నది మరో విమర్శ. నెవర్‌లాండ్‌లో వెండీ పని బట్టలు కుట్టడం, కథలు చెప్పి నిద్రపుచ్చడమే. సి. ఎస్. లూయిస్ 'ది లాస్ట్ బాటిల్' (1956)లో సూసన్ లిప్‌స్టిక్, విందుల మోజులో పడి, తాను చూసిన నార్నియా అనే మాయాలోకాన్ని చిన్ననాటి ఆటగా కొట్టిపారేస్తుంది. ఎదుగుదలను తప్పుగా చూపిన ఈ ఘట్టాన్ని ఫిలిప్ పుల్‌మన్ గట్టిగా విమర్శించాడు.

డాన్ కైలీ 1983 నాటి పుస్తకంతో 'పీటర్ పాన్ సిండ్రోమ్' అనే మాట వాడుకలోకి వచ్చింది. బాధ్యతలు తప్పించుకునే పెద్దవాళ్ళ గురించి చెప్పే ఈ మాటకు వైద్యశాస్త్రంలో రోగంగా గుర్తింపు లేదు.

వారసత్వం

శిల్పి జార్జ్ ఫ్రాంప్టన్ చేసిన పీటర్ పాన్ కంచు విగ్రహం 1912 నుంచి కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో ఉంది. బారీ కథలు విన్న సోదరుల్లో జార్జ్ 1915లో యుద్ధంలో మరణించాడు, మైకేల్ 1921లో నీట మునిగి పోయాడు. 1929లో బారీ ఈ కథ హక్కులను లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చాడు. బారీ పోయి 50 ఏళ్ళు కావడంతో 1987 చివర బ్రిటన్‌లో ఆ హక్కుల గడువు ముగిసింది. మరుసటి ఏడాది పార్లమెంటు చేసిన చట్టంలో ఈ ఒక్క రచనకే ప్రత్యేక నిబంధన పెట్టి, బ్రిటన్‌లో వచ్చే రాయల్టీ గడువు లేకుండా ఆ ఆసుపత్రికే చెందేలా చేశారు.