చేర్యాల పటం మీది నీలిరంగు



సాయంకాలం వాన వెలిసి, పడమటి ఎండ తగలగానే తూర్పున ఇంద్రధనుస్సు పొడుస్తుంది. చేలో పని ఆపి మనమందరం చూసినవాళ్ళమే. తెల్లని ఎండ చినుకులో దూరి, వంగి, రంగులుగా విడిపోయి మన కంటికి తిరిగివస్తుంది. 1666 ప్రాంతంలో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు న్యూటన్ గాజు పట్టకంతో చీకటి గదిలోనే ఈ వింత చేసి చూశాడు. అయితే ఆ రంగులు చేతికి చిక్కవు. చేతికి చిక్కే రంగు కావాలంటే రాతినో, ఆకునో, దీపపు మసినో అడగవలసిందే. అలా అడిగి తెచ్చుకున్న ఇంద్రధనుస్సు ఒకటి మన చేర్యాలలో ఉన్నది.

చేర్యాల 2016 దాకా వరంగల్లు జిల్లాలోది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోది. అక్కడి నకాషీ చిత్రకారులు కథలు చెప్పేవారికోసం పటాలు రాస్తూ వచ్చారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు మించిన పొడుగు ఉండే పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ కథ నడిపేవారు. పంటలు ఇంటికి వచ్చాక వచ్చేవారు, గింజలు తీసుకుని పోయేవారు. అంటే ఆ బొమ్మలకు ఖర్చు పెట్టినది మన గాదెలే.

పటం తయారీలోనూ పల్లె సరుకే ఎక్కువ. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి పూతలు పూస్తారు. ఉడుత వెంట్రుకల కుంచెతో రాస్తారు. నలుపు దీపపు మసి. తెలుపు సముద్రపు గవ్వలు నూరినది. వెనుక నేలంతా పరచుకునే ఎరుపు ఇంగిలీకం. అది పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం, విషం, పిల్లల చేతికి ఇవ్వరాదు. పసుపుపచ్చకు పసుపు కొమ్ము కూడా వాడేవారు. కాని పసుపు ఎండకు వెలిసిపోతుంది, సున్నం తగిలితే ఎర్రబారుతుంది. కాళ్ళకు పారాణి కలిపే మన ఆడవాళ్ళను అడగండి, చెబుతారు.

ఇక నీలం. రాముడికీ కృష్ణుడికీ ఆ ఒంటిరంగు లేకపోతే పటం లేదు. అది నీలిచెట్టునుంచి వచ్చేది. విచిత్రమేమంటే ఆ చెట్టులో నీలిరంగు కనబడదు. ఆకు మామూలు పచ్చగానే ఉంటుంది. పూత పట్టే వేళకు కోసి తొట్టిలో నానవేస్తే నీరు పసుపుపచ్చగా, ఆకుపచ్చగా తిరుగుతుంది. ఆ నీటిని మరో తొట్టిలోకి దించి కర్రలతో గంటలతరబడి చిలకాలి. చిలికినకొద్దీ గాలిలోని ప్రాణవాయువు కలిసి నీరంతా నీలమవుతుంది, రంగు అడుగున మడ్డిగా దిగుతుంది. ఆ మడ్డిని వడగట్టి, ఆరబెట్టి, బిళ్ళలు కోస్తారు. ఈ రంగు నీళ్ళలో కరగదు. అందుకే చిత్రకారుడు దాన్ని మెత్తగా నూరి బంకతో కలిపి గుడ్డకు అంటించాలి. దీనికి పసుపు కలిపితే ఆకుపచ్చ వస్తుంది. ఆకాశంలోని పచ్చ అలా కలిపిన పచ్చ కాదు, తనంత తానే ఒక రంగు.

నీలి ఒకనాడు మన తెలంగాణపు పంటే. 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల కాలంలో, నేటి ఖమ్మం జిల్లా నాగులవంచలో డచ్చివారు వర్తకశాల పెట్టారు. ఆ ప్రాంతపు నీలిమందు మచిలీపట్నం రేవుకు దిగేది. తరువాత వంగదేశంలో తెల్లదొరలు బలవంతాన నీలి వేయించారు. 1859లో అక్కడి రైతులు వేయమని తిరగబడ్డారు. చంపారన్ రైతులకోసం గాంధీగారు 1917లో వెళ్ళిన సంగతి మీకు తెలుసు. కనుక నీలి పోయిందని ఊరికే దుఃఖించడానికి నాకు మనసొప్పదు. కాని దాని వెన్ను విరిచినది రైతు తిరుగుబాటు ఒక్కటే కాదు. బాయర్ అనే జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు 1883 నాటికి ఆ రంగు నిర్మాణం తేల్చాడు. 1897లో జర్మనీలోని బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీ కర్మాగారపు నీలిని అంగడికి తెచ్చింది. తొట్టి లేదు, చిలకడం లేదు, వాన కోసం చూడడం లేదు, ధర తక్కువ. ఇరవై ఏళ్ళు తిరక్కముందే దేశంలో నీలిచేలు చాలాభాగం మాయమైనాయి.

చిత్రకారుడి సంగతీ అంతే అయింది. ఇప్పుడు చేర్యాలలో చాలామంది సీసా రంగులే వాడుతున్నారు. తప్పు పట్టలేము. రాయి నూరడానికే రోజులు పడతాయి, కొనేవాడు ఆ రోజులకు డబ్బు ఇవ్వడు. పటం విప్పి కథ చెప్పేవారు తగ్గిపోయారు గనుక నలభై అడుగుల పటానికి బదులు గోడకు తగిలించే చిన్న బొమ్మలు, ముఖపు తొడుగులు చేస్తున్నారు. ఎరుపు నేల మాత్రం మారలేదు.

గ్రామసేవకులకు ఒక మాట. నీలి పప్పుజాతి మొక్క. మీరు పచ్చిరొట్టకు వేయించే వెంపలికి దగ్గరి చుట్టం, వేళ్ళ బుడిపెలలో నత్రజని నిలుపుతుంది. రంగు తీశాక మిగిలిన పిప్పి కూడా పొలానికి ఎరువే. తమిళనాడులో తిండివనం వైపు ఈనాటికీ నీలి వేసి తొట్లలో చిలుకుతున్నారు. అక్కడ తొట్టి దగ్గర నిలబడితే పచ్చని నీరు కళ్ళముందే నీలానికి తిరగడం చూడవచ్చును.