సాంబ మసూరికి జపాన్ చుట్టరికం

తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా ఏ పెళ్లి పంక్తిలో కూర్చున్నా విస్తట్లో సన్నన్నమే వడ్డిస్తారు. ఆ సన్నాల్లో పేరుపడ్డది సాంబ మసూరి. రైతులూ ధాన్యం కొనేవాళ్లూ బాపట్ల పేరును కుదించి బీపీటీ అనేస్తారు. బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని, 1986లో విడుదలైన బీపీటీ 5204 ఇది. దీని వంశం వెతుక్కుంటూ పోతే ఒక పాయ జపాన్ పల్లెల్లో తేలుతుంది.

షిమానే ప్రాంతంలో హిరోతా కామేజీ అనే రైతు 19వ శతాబ్దంలో ఏరి నిలబెట్టిన వరికి ఆయన పేరే పెట్టారు. హ్యోగో ప్రాంతంలో మరో రైతు ఏరిన వరి షిన్‌రికి. తైవాన్ జపాన్ ఏలుబడిలో ఉండగా, 1920లలో అక్కడ ఈ రెండింటినీ కలిపి తైచుంగ్ 65 తీశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆసియా అంతా తిండిగింజలకు కటకటలాడింది. అప్పుడు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పూనికతో, కటక్ కేంద్రంగా, జపాన్ వరులను ఉష్ణదేశాల వరులతో సంకరం చేశారు. ఎరువు వేసినకొద్దీ దిగుబడినిచ్చే గుణం జపాన్ రకాలది. అలా తైచుంగ్ 65కూ మలయా రకం మయాంగ్ ఎబోస్ 80కీ పుట్టిన మసూరి 1965లో మలేసియాలో విడుదలైంది.

మసూరి మన రైతులకు నచ్చింది. కానీ పైరు పొడుగు; గాలివానకు పడిపోయేది. కోయంబత్తూరు సన్నరకం జీఈబీ 24ను తైవాన్ పొట్టిరకం తైచుంగ్ నేటివ్ 1తో కలిపి, ఆ సంతతిని మసూరితో సంకరం చేసింది బాపట్ల. గింజ సన్నదనం, పైరు పొట్టిదనం, అన్నం రుచి ఒకచోట చేరాయి. నా దృష్టిలో తెలుగు నేల వరికి చేసిన గొప్ప ఉపకారాల్లో ఇదొకటి.

ఇది దాదాపు అయిదు నెలల పంట. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టతో వచ్చిన కాలువలు ఈ సీమకు సార్వా నీళ్లు ఇవ్వబట్టే అంత కాలం నిలుస్తుంది. కోతకు ముందే ఆ తడి మాగాణిలో మినుములు చల్లుతారు.

ఎండాకు తెగులుకు మాత్రం సాంబ మసూరి తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలనాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి, మెరుగుపరిచిన సాంబ మసూరిని 2008లో రైతుకిచ్చాయి.

షిమానే రైతు పేరు అక్కడి వరి మీద నిలిచింది. మన బియ్యం బస్తాల మీద మిల్లు పేరుంటుంది, దేవుడి బొమ్మ ఉంటుంది. మిల్లర్లు వాటి పక్కన బాపట్ల పేరు కూడా పూర్తిగా అచ్చువేయించాలి.